పెళ్లి వీడియోలకు ఎడియస్ నుంచి మారాలంటే ప్రీమియర్ ప్రో మేలా, డావిన్చి రిజాల్వ్ మేలా?

కావలి స్టూడియో:

అందరికీ నమస్కారం. కావలిలో చిన్న స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఏవైనా ఇంతకాలం ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఎడిట్ చేస్తూ వచ్చాము. ఇటీవల 10 బిట్ 4:2:2లో (రంగుల వివరం ఎక్కువగా ఉండే రికార్డింగ్) 4కే తీసే కెమెరా కొన్న తరవాత టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తున్నది. పైగా పెళ్లివారు మూడు గంటల పూర్తి వీడియోతో పాటు సినిమా రంగులతో నాలుగైదు నిమిషాల హైలైట్ కూడా అడుగుతున్నారు. మా సిస్టమ్ విండోస్‌ది. 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. ప్రీమియర్‌కు చందా కట్టాలి. మూఢం వచ్చి పెళ్లిళ్లు లేని నెలల్లోనూ అది ఆగదు. రిజాల్వ్ ఉచితమే అంటున్నారు కానీ, నా దగ్గర పనిచేసే ఇద్దరికీ ఎడియస్ తప్ప మరొకటి రాదు. ఏది తీసుకోమంటారు?

ఒంగోలు నుంచి ఒక ఎడిటర్:

అయ్యా, మీ ఇబ్బంది సాఫ్ట్‌వేర్‌తో మొదలైనది కాదు, కెమెరా ఫైలుతో మొదలైనది. హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో 10 బిట్ 4:2:2 రికార్డు చేస్తే ఆ ఫైలును విప్పే భారం చాలావరకు ప్రాసెసర్ మీదనే పడుతుంది, ఎందుకంటే ఎన్విడియా కార్డులలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కు ముందు వచ్చినవి 4:2:2ను హార్డ్‌వేర్‌లో విప్పలేవు. ఇంటెల్ 11వ తరం నుంచి క్విక్ సింక్ (వీడియోను విప్పే ప్రత్యేక భాగం) ఉన్న ప్రాసెసర్లు హెచ్.265 4:2:2ను తేలికగా నడుపుతాయి. కాబట్టి మీ కెమెరాలో హెచ్.265 ఎంపిక ఉండి, మీ ప్రాసెసర్ ఆ కోవలోనిదైతే, ఏమీ కొనకుండానే సగం బాధ తీరవచ్చు. లేదంటే ప్రాక్సీలు, అంటే అసలు ఫైళ్లకు బదులు వాడే తేలికైన నకళ్లు, తయారుచేసుకొని ఎడిట్ చేయండి. ఆ సౌకర్యం మూడింటిలోనూ ఉన్నది.

ఇక రిజాల్వ్ ఉచితమన్న మాట నిజమే కానీ, దాని హద్దులు మీకు సరిగ్గా తగిలే చోటనే ఉన్నాయి. ఉచిత వెర్షన్ అల్ట్రా హెచ్‌డీకి (మీరు తీసే 4కే), సెకనుకు 60 ఫ్రేములకు మించి ఎక్స్‌పోర్ట్ చేయదు. దానితో మీకు నష్టమేమీ లేదు. మసక వెలుతురులో తీసిన రిసెప్షన్ ఫుటేజీకి కావలసిన నాయిస్ రిడక్షన్ (చిత్రంలోని చుక్కలు తగ్గించే సౌకర్యం) మాత్రం డబ్బు కట్టి కొనే స్టూడియో వెర్షన్‌లోనే దొరుకుతుంది. విండోస్ మీద 10 బిట్ 4:2:2 ఫైళ్లను ఉచిత వెర్షన్ తీసుకోకపోవచ్చు కూడా. స్టూడియో వెర్షన్ ధర 295 డాలర్లు; ఒక్కసారి కడితే చాలు, ఒక కీ రెండు కంప్యూటర్లలో పనిచేస్తుంది, కనుక మూఢంలో చందా బెంగ ఉండదు. కానీ 4 జీబీ కార్డు మీద 4కేలో నాయిస్ రిడక్షన్ పెడితే జీపీయూ మెమరీ నిండిందన్న హెచ్చరిక చూడవలసి వస్తుంది. ఆ డబ్బుతో పాటు కార్డు డబ్బు కూడా లెక్కలో వేసుకోండి.

నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి:

పై వారు చెప్పినది సరైనదే, అయినా ఎడియస్‌ను ఒక్కసారిగా వదిలేయమని నేను చెప్పను. మూడు కెమెరాల ఫుటేజీని వరుసగా పేర్చి, తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా కోసుకుంటూ పోయే పనిలో దాని వేగానికి మీ కుర్రాళ్ల చేతులు అలవాటు పడి ఉంటాయి. మాఘమాసం ముహూర్తాలు నెత్తిమీద ఉండగా కొత్త కీబోర్డు నేర్చుకోమనడం భావ్యం కాదు. పూర్తి వీడియో ఎడియస్‌లోనే ఉంచండి. హైలైట్ ఒక్కటి మీరే రిజాల్వ్‌లో చేయండి. ఎడియస్‌లో కోసిన వరుసను ఏఏఎఫ్‌గా (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి ఎడిట్‌ను తీసుకెళ్లే ఫైలు) తీసి రిజాల్వ్‌లో తెరిస్తే కట్‌లు వస్తాయి. ఎఫెక్టులు, టైటిళ్లు మాత్రం అలాగే వస్తాయని ఆశించకండి. అందుకే రంగులు ముందు, అలంకారాలు తరవాత.

ఇంకొక మాట: ఎవరో ఇచ్చిన క్రాక్ వెర్షన్‌తో ప్రీమియర్ నడుపుదామన్న ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. పెళ్లివారి ఫుటేజీ ఉన్న కంప్యూటర్‌లోకి ఏది వచ్చి చేరుతుందో చెప్పలేము, పెళ్లి మళ్లీ తీయలేము.

కనిగిరివాసి, ప్రస్తుతం హైదరాబాదు:

రంగుల సవరణ యంత్రాలు తయారుచేసిన డావిన్చి సిస్టమ్స్‌ను బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో కొన్నది. పూర్తిస్థాయి ఎడిటింగ్ ఆ తరవాతి సంవత్సరాలలో రిజాల్వ్‌కు చేరినది. రంగుల విషయంలో దాని పట్టు అక్కడి నుంచే వచ్చినది. ప్రీమియర్ బలం వేరు: ఫొటోషాప్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లతో నేరుగా కలిసి పనిచేస్తుంది. ఆహ్వాన వీడియోలు, ఎల్ఈడీ తెర మీద వేసే గ్రాఫిక్స్ మీ రాబడిలో పెద్ద భాగమైతే చందా గిట్టుబాటే. లేకుంటే నా ఓటు రిజాల్వ్‌కే. ఫైనల్ కట్ ప్రోకు మ్యాక్ కావాలి కనుక మీకు అది ప్రస్తుతానికి అనవసరం.

రిజాల్వ్‌కు మారితే ఒక జాగ్రత్త తప్పనిసరి. ప్రీమియర్‌లో ప్రాజెక్టు ఒక ఫైలుగా ఫోల్డర్‌లో కనబడుతుంది. రిజాల్వ్‌లో అది డేటాబేస్‌లో ఉంటుంది కనుక, ఫుటేజీ ఫోల్డర్‌ను హార్డ్‌డిస్కుకు కాపీ చేసినంత మాత్రాన ఎడిట్ భద్రమైనట్లు కాదు. ప్రాజెక్టును విడిగా ఎక్స్‌పోర్ట్ చేసి అదే ఫోల్డర్‌లో ఉంచాలి. వెర్షన్ మార్చే ముందు డేటాబేస్‌కు బ్యాకప్ తీయండి, కొత్త వెర్షన్‌లోకి మారిన ప్రాజెక్టు పాతదానిలో తెరుచుకోదు.

కావలి స్టూడియో:

ముగ్గురికీ ధన్యవాదాలు. మా టైటిళ్లన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఒత్తులు విడిపోతాయని విన్నాను. అది నిజమేనా?

ఒంగోలు నుంచి ఒక ఎడిటర్:

అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకూ వేరే స్థానాలు ఇచ్చే పద్ధతి) కావు. అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చుని ఉంటాయి కనుక, ఫాంటు మారిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. పాత టైటిళ్లను ఫొటోషాప్ నుంచి పారదర్శక పీఎన్‌జీలుగా తీసుకుంటే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా నిక్షేపంగా పనిచేస్తాయి. కొత్తవి యూనికోడ్‌లో చేయదలిస్తే, ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ విభాగానికి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా భాషలదానికి మార్చాలి; అది మార్చకపోతేనే ఒత్తులు పక్కకు జారుతాయి. రిజాల్వ్‌లో మాత్రం డబ్బు కట్టే ముందే ఉచిత వెర్షన్ దించుకొని, ‘చి.ల.సౌ. లక్ష్మీ ప్రసన్న’, ‘జ్యేష్ఠ పుత్రుడు’ అన్న రెండు వరుసలు మీరు వాడే ఫాంటులోనే టైపు చేసి చూడండి. ఆ పనిలో పనిగా మీ కెమెరా క్లిప్ ఒకటి టైమ్‌లైన్ మీద వేయండి. రెండూ సరిగ్గా వస్తే మిగిలినది గ్రాఫిక్స్ కార్డు ఖర్చే.