సమస్య: రాణి బలి యొసంగ రాజు గెలిచె

గండికోట (కడప): ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. అవధానాల్లో చదరంగాన్నీ ఒక అంశంగా పెట్టేవారు కదా, పూరణ కూడా చదరంగంతోనే చేయండి. రాణిని బలిచ్చినవాడు గెలవడమేంటనే చిక్కు గళ్ల మీదే విడిపోవాలి. ఏ ఆరంభమో (ఆట మొదలుపెట్టే ఎత్తుల వరుస పేరు) కింద రాయండి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
నాటకంపు శాల నాడె మార్ఫీ యాట
గుర్రమామె గొనగ గురుతరముగ
నేన్గు దూకి వచ్చె నెదిరి రాజుకు కట్టు
రాణి బలి యొసంగ రాజు గెలిచె

1858, ప్యారిస్ ఒపెరాలో అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ ఆడిన ఆట. ఫిలిడోర్ డిఫెన్స్. 16వ ఎత్తులో రాణి బి8 గడికి పోయి షా (చెక్) చెప్తుంది. కట్టు అంటే చెక్‌మేట్.

గండికోట: అన్నా, మూడో పాదం పరుగు భలే ఉంది. "గురుతరముగ" మాత్రం పాదం నింపడానికే వచ్చింది. రాణిని ఎందుకిచ్చాడో చెప్పాల్సింది సరిగ్గా అక్కడే. డి7 గుర్రం రాణిని కొట్టడానికి బి8కి పోయింది కాబట్టే డి వరుస ఖాళీ అయింది. ఏనుగు (రూక్) డి8కి దిగింది, జి5లోని శకటు (బిషప్) దానికి కాపు. "గుర్రమామె గొనగ కోట తెరచె" అనండి. గు-కో యతి చెల్లుతుంది, కారణమూ పద్యంలోకి వస్తుంది.

కొండారెడ్డి బురుజు: మార్చేశాను అన్నా. ఇప్పుడు ఏనుగు దూకడానికి దారి దొరికింది.

పెన్న గట్టు (ప్రొద్దుటూరు):
ఆశపడిన శకటు నామెను మింగంగ
తెల్ల గుర్రములును తెల్ల శకటు
నల్లరాజు చుట్టు నలువైపులను గట్ట
రాణి బలి యొసంగ రాజు గెలిచె

లెగాల్ మేట్, అంటే లెగాల్ పేరు మీదున్న కట్టు. ఇదీ ఫిలిడోర్ ఆరంభమే. ఆ ఆరంభానికి పేరిచ్చిన ఆటగాడు ఫిలిడోర్‌కు గురువు ఈ లెగాల్.

గండికోట: అక్కా, ఏడెత్తుల ఆట మూడు పాదాల్లో ఇమిడిపోయింది! ఎఫ్7లో శకటు, ఈ5, డి5లలో గుర్రాలు కళ్లకు కడుతున్నాయి. డి8లో సొంత రాణి, ఎఫ్8లో సొంత శకటు కూడా నల్లరాజుకు అడ్డమే, అది చెప్పకపోయినా పద్యానికి లోటు లేదు. సంధి ఒక్కటి చూడండి. "శకటు" కళ (చివర ద్రుతం లేని పదం), దాని తర్వాత నకారం రాదు. "శకటె యామెను" అంటే సరి, యతీ నిలుస్తుంది.

బుక్కపట్నం చెరువు (శ్రీ సత్యసాయి జిల్లా): గురువు గారూ, నేను క్వీన్స్ గ్యాంబిట్ ఆరంభం మీద రాస్తున్నా.

గండికోట: వద్దు నాయనా. పేరులో రాణి ఉన్నా అందులో ఎరవేసేది సి4 బంటుని. 1956లో న్యూయార్క్‌లో 13 ఏళ్ల బాబీ ఫిషర్ డొనాల్డ్ బర్న్‌తో ఆడిన గ్రున్‌ఫెల్డ్ ఆరంభపు ఆట తీసుకో. 17వ ఎత్తులో శకటును ఈ6కి జరిపి రాణిని వదిలేశాడు.

బుక్కపట్నం చెరువు: రాత్రికి పెడతానండీ. తెల్లరాజు అనే రాయనా?

గండికోట: కాదు, ఫిషర్‌వి నల్లపావులు.