కెమెరా మారినా బండి అదేనని తేల్చేది రూపమా, సమయమా?

కూడలి_చూపు: ఒకదాని చూపు మరొకదానికి అందని కెమెరాల్లో ఒకే వాహనాన్ని గుర్తుపట్టాలంటే దేనికి పెద్దపీట వేయాలి? నా ఓటు రూపానికే. రంగు, ఆకారం, పైకప్పు మీది కడ్డీలు, సొట్టపడిన బంపరు అన్నీ బొమ్మల్ని గుర్తుపట్టే కంప్యూటర్ నమూనా చేతిలో ఒక సంఖ్యల వరుస అవుతాయి. ఆ వరుసలను పోలిస్తే చాలు.

గడియారం: అస్సలు చాలదు. ఇలాంటి పద్ధతుల్ని పరీక్షించడానికి 2019లో వచ్చిన సిటీఫ్లో అనే ట్రాఫిక్ వీడియోల సేకరణనే తీసుకోండి. అమెరికాలోని ఓ నగరంలో 10 కూడళ్లు, 40 కెమెరాలు, 666 వాహనాలు. నంబరు ప్లేట్లు కనబడకుండా చేశారు. ఒకే మోడల్ తెల్లకార్లు రెండు వస్తే మీ వరుసలు వాటిని ఒకటే అంటాయి. అదే కారు ఇక్కడ ముందునుంచి, అక్కడ వెనకనుంచి కనబడితే వేర్వేరంటాయి. ఈ కూడలి నుంచి ఆ కూడలికి ఎంత వేగంగా వెళ్లినా 40 సెకన్లు పట్టే దారిలో 15 సెకన్లకే కనబడిన బండి ఎంత పోలి ఉన్నా వేరేదే! ముందు ఈ జల్లెడ పట్టాలి, రూపం ఆ తర్వాతే.

మసక_అద్దం: సమయాన్ని నమ్మాలంటే కెమెరా నిజం చెప్పాలి కదండీ. అదే సిటీఫ్లోలో కెమెరాలు సెకనుకు 10 చిత్రాలు తీస్తుంటే ఒకటి మాత్రం 8 తీస్తుంది. అది గమనించకుండా చిత్రాల లెక్కతో సమయం కడితే నిమిషానికి 12 సెకన్లు తేడా. మీ జల్లెడలోంచి అసలు బండే జారిపోతుంది.

గడియారం: నిజమే, అందుకే కెమెరాల సమయాలు సరిచూశాకే మిగతా పని. కానీ ఆ తప్పును దిద్దవచ్చు. అచ్చుగుద్దినట్టున్న రెండు కార్లను ఎంత మంచి నమూనా విడదీస్తుంది?

కూడలి_చూపు: మీ లెక్క కనీస సమయానికి గట్టిదే, ఒప్పుకుంటాను. గరిష్ఠ సమయం మాటేమిటి? ట్రాఫిక్ స్తంభిస్తే 40 సెకన్ల దారికి 10 నిమిషాలు పడుతుంది. ఆలోగా వందల బండ్లు ఆ జల్లెడ దాటుతాయి. అప్పుడు ఆదుకునేది రూపమే. పైగా పెట్రోలు బంకులో ఆగిన బండికి మీ దగ్గర సమాధానమే లేదు.

గడియారం: గరిష్ఠ సమయాన్ని ఆ గంట రద్దీని బట్టి సడలిస్తాను, తీసేయను. రద్దీ గంట వీడియో మీదే రెండు పద్ధతులూ నడిపి ఐడీఎఫ్1 అనే స్కోరు పోల్చండి. ఒక బండికి ఒకే గుర్తింపు చివరిదాకా నిలిచిందా లేదా అన్నది అందులో తేలుతుంది.