8 హెచ్‌పీ ఔట్‌బోర్డ్: వాడిన టూ స్ట్రోకా, కొత్త ఫోర్ స్ట్రోకా?

నత్తనడక:
పడవ వెనక తగిలించే మోటారు (ఔట్‌బోర్డ్) కొనాలి. పడవ 12 అడుగుల అల్యూమినియంది, ట్రాన్సమ్ (మోటారు తగిలించే వెనక గోడ) 15 అంగుళాలు. ఇద్దరు మనుషులు, గాలాలు, లంగరు, 12 లీటర్ల ట్యాంకు. పనంతా దాదాపు ట్రోలింగే (గాలం నీళ్లలో ఈడ్చుకుంటూ పోవడం), గంటలకొద్దీ నెమ్మదిగా పోవాలి. మోటారును ప్రతిసారీ విప్పి కారు డిక్కీలో వేసుకెళ్లక తప్పదు. బాగా వాడిన రెండు సిలిండర్ల 8 హెచ్‌పీ టూ స్ట్రోక్ (పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసేది) ఒకటి దొరుకుతోంది. లేదంటే అదే హెచ్‌పీలో కొత్త ఫోర్ స్ట్రోక్ (ఆయిల్ విడిగా ఉండేది). పెట్రోలు మిగులుతుంది, ఫోర్ స్ట్రోకే తీసుకో అని అందరూ ఒకటే మాట. పెట్రోలు సంగతి పక్కన పెడితే ఇంకేం చూడాలి?

తెడ్డువాటం:
ముందు బరువు తేల్చుకోండి. రెండు సిలిండర్ల 8 హెచ్‌పీ టూ స్ట్రోక్ 26-27 కిలోలుంటుంది. ఫోర్ స్ట్రోక్ 37-38. పది పదకొండు కిలోలే కదా అనుకోకండి. బరువంతా పైన ఇంజిన్ తలలో, కింద పొడవాటి కాలు. పాచి పట్టిన ర్యాంపు మీద దాన్ని పట్టుకుని వంగి ట్రాన్సమ్‌కి తగిలించాలి. 26 కిలోలు ఒక మనిషి మోత, 38 కిలోలు ఇద్దరి మోత.

చాలామంది చూడని సంగతి ఇంకోటుంది. చాలా కంపెనీల ఫోర్ స్ట్రోక్‌లలో 8, 9.8 లేదా 9.9 హెచ్‌పీ ఒకే బ్లాకు మీద వస్తాయి, అందుకే 8 కూడా అంత బరువు. ఒకే సిలిండరున్న 6 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ మాత్రం 25-27 కిలోల్లో అయిపోతుంది. కాబట్టి మీ టూ స్ట్రోక్‌ని పోల్చాల్సింది 8తో కాదు, 6తో. ఇద్దరు మనుషులు, సామానుతో 8 హెచ్‌పీ ఆ పడవని ప్లేనింగ్‌కి (నీటి మీదికి లేచి జారుతూ పోవడానికి) ఎక్కించడం ఎలాగూ అనుమానమే. ప్లేనింగ్ లేకపోతే గంటకు 8 కిలోమీటర్ల దగ్గర పడవ తను లేపిన అలలోనే ఇరుక్కుంటుంది, ఆ పైన ఎంత థ్రాటిల్ తిప్పినా పెట్రోలు ఖర్చే.

ఐడిల్‌స్క్రూ:
ట్రోలింగే ముఖ్యమైతే నా ఓటు ఫోర్ స్ట్రోక్‌కి. కార్బొరేటర్ టూ స్ట్రోక్‌లో కొత్త మిశ్రమం సిలిండర్లోకి వచ్చేటప్పటికి ఎగ్జాస్ట్ పోర్టు ఇంకా తెరిచే ఉంటుంది. అందులో కొంత కాలకుండానే బయటికి పోతుంది. ఐడిల్‌లో పాత పొగ పూర్తిగా బయటికి పోదు, దాంతో కొన్ని స్ట్రోకులు మండవు. ఆ కుదుపు, ఆ పొగ అందుకే. గంటలు గడిచేకొద్దీ ప్లగ్గులు నల్లగా తడిసిపోతాయి. అరగంటకోసారి ఒక నిమిషం సగం థ్రాటిల్ పైన నడిపి ఊపిరాడనివ్వాలి. ఒక జత ప్లగ్గులు, స్పానర్ పడవలోనే ఉండాలి.

అలాగని ఫోర్ స్ట్రోక్ నెమ్మదికే పుట్టిందనీ అనుకోవద్దు. చల్లటి నీళ్లలో గంటలకొద్దీ ఐడిల్ మీద నడిస్తే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. కాలని పెట్రోలు రింగులు దాటి కింది ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. వాసన చూడండి, పెట్రోలు కొడితే ఆ ఆయిల్ పలచబడినట్టే, వెంటనే మార్చేయాలి. మళ్లీ మళ్లీ అదే జరిగితే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా చల్లటి నీళ్లని ఆపే వాల్వు) తెరుచుకుని బిగుసుకుందేమో చూడండి. రోజూ తిరిగొచ్చేటప్పుడు పావుగంట గట్టిగా నడపడమే దీనికి సగం మందు.

ఆయిల్ మొదటిసారి 20 గంటలకి, తర్వాత 100 గంటలకోసారి మార్చాలి. గంటలు నిండకపోయినా ఏడాదికోసారి తప్పదు. 8 హెచ్‌పీకి సుమారు 800 మిల్లీలీటర్లు పడుతుంది, డిప్‌స్టిక్ చూసుకుంటూ పోయండి. గ్రేడు పుస్తకంలో ఉన్నదే, ఎక్కువగా 10డబ్ల్యూ-30. మెరైన్ ఎఫ్‌సీ-డబ్ల్యూ (పడవల ఫోర్ స్ట్రోక్ ఆయిల్ ప్రమాణం) గుర్తున్నదే కొనండి.

ప్లగ్‌స్పానర్:
పై లెక్క ఒప్పుకుంటా, కానీ వాడిన టూ స్ట్రోక్‌ని చూడకుండా కొట్టిపారేయకండి. వాల్వులు లేవు, ఆయిల్ సంప్ లేదు, నీళ్లలో మునిగినా ఎండబెట్టి బతికించడం తేలిక. చూసేందుకు వెళ్తే ముందు సిలిండర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపు ఒకసారి స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారేదాకా ఆగండి, చల్లటి మోటారు ఎలా లేస్తుందో అదే దాని అసలు రూపం.

రెండు ప్లగ్గులూ తీసి, కిల్ స్విచ్ తాడు పీకేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి తాడు లాగుతూ గేజ్‌తో కంప్రెషన్ (సిలిండర్లో పుట్టే ఒత్తిడి) చూడండి. అంకె మోడల్‌ని బట్టి మారుతుంది, రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. ఇదే పరీక్ష చిన్న ఫోర్ స్ట్రోక్ మీద చేసి కంగారుపడకండి. తాడు తేలిగ్గా లాగడానికి చాలా వాటిలో డీకంప్రెషన్ (లాగేటప్పుడు కొంత ఒత్తిడి వదిలేసే ఏర్పాటు) ఉంటుంది, గేజ్ తక్కువే చూపిస్తుంది.

తర్వాత గేర్ కేసు (ప్రొపెల్లర్ దగ్గర గేర్లుండే కింది భాగం) కింది స్క్రూ వదులు చేసి నాలుగు చుక్కలు రానివ్వండి. ముందు నీళ్లు వచ్చినా, ఆయిల్ పాలలా తెల్లగా ఉన్నా సీలు పోయినట్టు. ప్రొపెల్లర్ తీసి వెనక షాఫ్ట్ చూడండి. గాలం దారం చుట్టుకుని కరిగి ఉంటుంది, సీలుని తినేది ఎక్కువగా అదే. చివరగా నీళ్లలో పెట్టి నడిపి పక్కనుంచి చల్లబరిచే నీళ్ల సన్నధార ఆగకుండా వస్తోందో లేదో చూడండి. వచ్చినా సరే, కొన్నాక ఇంపెల్లర్ (ఆ నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం) మార్చేయండి, పాతది ఎన్నేళ్లదో ఎవరికీ తెలియదు. పొడిగా మాత్రం క్షణం కూడా తిప్పొద్దు, రబ్బరు రెక్కలు అరిగిపోతాయి.

నత్తనడక:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. రెండు సందేహాలు. ఆ టూ స్ట్రోక్ మూత మీద 100:1 (వంద పాళ్ల పెట్రోలుకి ఒక పాలు ఆయిల్) అని రాసుంది, బైక్‌లో పోసే 2టీ ఆయిల్ అందులో సరిపోతుందా? ఫోర్ స్ట్రోక్ అయితే డిక్కీలో ఎలా పడుకోబెట్టాలి?

ప్లగ్‌స్పానర్:
100:1ని నమ్మకండి. 1980లలో కొన్ని మోటార్లు ఆ లెక్కతో వచ్చాయి, తర్వాత కొందరు తయారీదారులే 50:1కి తిరిగొచ్చారు. లీటరుకి 20 మిల్లీలీటర్లు, మీ 12 లీటర్ల ట్యాంకుకి 240. సగం పెట్రోలు పోసి, ఆయిల్ వేసి బాగా కుదిపి, మిగతా సగం పోయండి. బైక్ ఆయిల్ వద్దు. అది గాలితో చల్లబడే ఇంజిన్ వేడికి చేసింది, అందులోని బూడిదనిచ్చే పదార్థాలు నీళ్లతో చల్లబడే మోటార్లో పేరుకుంటాయి. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 (నీళ్లతో చల్లబడే టూ స్ట్రోక్‌ల ఆయిల్ ప్రమాణం) అని ఉండాలి. ఆయిల్ కలపడం మర్చిపోతే టూ స్ట్రోక్ కాసేపట్లోనే పట్టేస్తుంది. పొరపాటున ఆ మిశ్రమం ఫోర్ స్ట్రోక్‌లో పోస్తే పొగ వస్తుంది, ప్లగ్గు పాడవుతుంది, అంతే.

ఐడిల్‌స్క్రూ:
పడుకోబెట్టడం గురించి: ముందు రెండు నిమిషాలు నిలబెట్టి లోపలి నీళ్లు కారనివ్వండి. తర్వాత స్టిక్కర్ చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి, ఒక్కో మోడల్‌కి ఒక్కో పక్క. ఏ మోటారైనా కింది గేర్ కేసు ఇంజిన్ తల కంటే ఎత్తులో ఉండకూడదు, మిగిలిన నీళ్లు ఎగ్జాస్ట్ గుండా సిలిండర్లోకి దిగుతాయి.

తప్పు పక్కకు పడుకోబెడితే ఆయిల్ రింగులు దాటి సిలిండర్లోకి చేరుతుంది. అప్పుడు తాడు గట్టిగా లాగితే పిస్టన్ ఆయిల్‌కి కొట్టుకుని రాడ్ వంగే ప్రమాదముంది. ప్లగ్గు తీసేసి నెమ్మదిగా రెండు మూడుసార్లు లాగండి, ఆయిల్ బయటికి చిమ్ముతుంది. గాలి పెట్టెలో కూడా తుడవాలి. ఆ తర్వాత మట్టం చూసి తగ్గినంత పోయండి.

ఇంకోటి, ఫోర్ స్ట్రోక్ తీసుకుంటే కార్బొరేటర్‌తోనే మీకు ఎక్కువ పని. మూడు వారాలు వాడకపోతే కార్బొరేటర్ గిన్నె కింది స్క్రూ విప్పి పెట్రోలు దించేయండి. పైపు పీకి ఆగేదాకా నడిపితే గిన్నెలో ఇంకా కొంచెం మిగులుతుంది, అది ఎండి జిగురవుతుంది. స్లో జెట్ (ఐడిల్‌లో పెట్రోలు అందించే గొట్టం) రంధ్రం వెంట్రుకంత ఉంటుంది, ముందు పూడేది అదే. చోక్ వేస్తే నడిచి, తీస్తే ఆగిపోతుంటే అక్కడే చూడండి. తీగతో పొడవొద్దు, రంధ్రం పెద్దదవుతుంది. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి.