గట్టి జట్టుతో మ్యాచ్ పెట్టుకున్నందుకే టెక్సస్ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌కి దూరమైందా?

డాలస్_బాబాయ్:
2025లో మొదటి మ్యాచ్‌కే టెక్సస్ ఒహాయో స్టేట్ మైదానానికి వెళ్లి 14-7తో ఓడింది. దానికి బదులు ఏ చిన్న కాలేజీనో ఆస్టిన్‌కి పిలిచి చితక్కొడితే 10 గెలుపులు, 2 ఓటములతో 10-2 అయ్యేది. 9-3తో ముగిసింది కాబట్టి ఛాంపియన్‌ని తేల్చే 12 జట్ల ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు. కాన్ఫరెన్స్‌లో (జట్టు ఉండే లీగ్, మాది ఎస్‌ఈసీ) ఎవరు ఎదురవుతారో మన చేతిలో ఉండదు. అప్పుడు బయటి నాలుగు మ్యాచ్‌లే మనం కుదుర్చుకున్నవి. అందులో సాహసం చేసినందుకు ఇదా బహుమానం?

బకై_తమ్ముడు:
బాబాయ్‌గారూ, ఫ్లోరిడా సంగతి మింగేశారేం? ఆ సీజన్‌ని 4-8తో ముగించిన జట్టు అది. దాని చేతిలో 29-21తో ఓడారు. జార్జియా దగ్గర 35-10తో ఓడారు. ఆ ఆగస్టులోనే ప్లేఆఫ్ జట్లను ఎంచే కమిటీ లెక్క మార్చింది: గట్టి జట్టు చేతిలో ఓడితే నష్టం తక్కువ, బలహీనుల చేతిలో ఓడితే ఎక్కువ. మిమ్మల్ని ముంచింది కొలంబస్ (ఒహాయో స్టేట్ ఊరు) కాదు, గెయిన్స్‌విల్ (ఫ్లోరిడా ఊరు).

2024లో అలబామాదీ ఇదే పాట. 9-3తో బయటే ఉండిపోయాక వాళ్ల అథ్లెటిక్ డైరెక్టర్ గ్రెగ్ బర్న్ నాన్-కాన్ఫరెన్స్ షెడ్యూల్ గురించి మళ్లీ ఆలోచించాలన్నాడు. తీరా చూస్తే విస్కాన్సిన్ వెళ్లి 42-10తో గెలిచారు! ఓడిన మూడూ (వాండర్‌బిల్ట్, టెనసీ, ఓక్లహోమా) వాళ్లూ ఉన్న ఎస్‌ఈసీ లోపలివే.

హూజియర్_శీను:
తమ్ముడు చెప్పిన లెక్క కాగితం మీద బాగానే ఉంది. మా ఇండియానా 2024లో ఏం చేసిందో చూడండి. లూయివిల్‌తో కుదిరిన మ్యాచ్‌లు రద్దు చేసుకుని ఎఫ్‌ఐయూ, వెస్టర్న్ ఇలినాయ్, షార్లెట్ లాంటి చిన్న జట్లతో ఆడింది. వెస్టర్న్ ఇలినాయ్ మీద 77-3. దాన్ని మ్యాచ్ అనడానికి నాకే మొహమాటం. అయినా 11-1తో ప్లేఆఫ్‌లోకి వెళ్లాం. నెబ్రాస్కా కూడా 2026, 2027ల్లో టెనసీతో ఉన్న మ్యాచ్‌లు వదిలేసుకుంది. స్టేడియం పనులని కారణం చెప్పారు, మీరు నమ్మితే నమ్మండి. ఏ డైరెక్టరైనా ముందు చూసేది ఓటముల అంకె, ఆ తర్వాతే కమిటీ మాటలు.

బకై_తమ్ముడు:
మరి మయామీ? 2025లో అదీ నోటర్‌డామూ చెరో 10-2. సీజన్ మొదట్లో మయామీ 27-24తో నోటర్‌డామ్‌ని ఓడించింది. చివరికి మయామీ లోపల, నోటర్‌డామ్ బయట. ఆ మ్యాచే లేకపోతే మయామీ దగ్గర చూపించుకోడానికి ఏముంది?

డాలస్_బాబాయ్:
అదే నేనూ అంటున్నా! నోటర్‌డామ్ వైపు నుంచి చూడు. మయామీతో 3 పాయింట్లు, టెక్సస్ ఏ అండ్ ఎమ్‌తో ఒక్క పాయింటు తేడాతో ఓడారు. ఆ రెండూ పెట్టుకోకపోతే హాయిగా లోపలుండేవాళ్లు.

బకై_తమ్ముడు:
2024లో మీరు మిషిగన్ వెళ్లి 31-12తో గెలిచి, సెమీస్ దాకా వచ్చినప్పుడు ఈ ఫిర్యాదు వినపడలేదే?

డాలస్_బాబాయ్:
గెలిచినప్పుడు ఎవడు ఫిర్యాదు చేస్తాడయ్యా. 2026 నుంచి ఎస్‌ఈసీలో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లే తొమ్మిది. వాటి మీద మళ్లీ ఒహాయో స్టేట్ సెప్టెంబరులో ఆస్టిన్‌కి. టెన్షన్ నాకు, మీకేం!