తుప్పు పట్టిన పాత కారు: మొత్తం విప్పేయాలా, నడుపుకుంటూ బాగుచేసుకోవాలా?

కొత్తవెల్డర్:
అందరికీ నమస్కారం. నా దగ్గర 1960ల నాటి నాలుగు తలుపుల కారు ఉంది. విడిగా చాసిస్ లేదు, బాడీయే బరువంతా మోసే రకం. ఇంజను నడుస్తుంది, బ్రేకులు పడుతున్నాయి. సమస్యంతా తుప్పే. డ్రైవరు కాళ్ల దగ్గర ఫ్లోర్‌కు చిల్లు పడింది. తలుపుల కింద పొడవునా ఉండే సిల్‌లో స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తే రెండు చోట్ల లోపలికి దిగిపోయింది. వెనక చక్రాల పైన పెయింట్ బుడగలుగా లేచింది. మిగ్ వెల్డింగ్ (సన్నని తీగ మెషీన్‌లోంచి దానంతట అదే వస్తూ కరిగి అతికే రకం) నేర్చుకుంటున్నాను, పాత రేకుల మీద ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ పని ఇంట్లోనే, నా చేతులతోనే చేయాలని ఉంది. ఇంజను, అద్దాలు, వైరింగ్ అన్నీ తీసేసి ఒట్టి బాడీ చేసుకుని మొదలుపెట్టాలా, లేక ఒక్కో భాగం బాగుచేసుకుంటూ మధ్యమధ్యలో కారు నడుపుకోవచ్చా?

నాలుగోగేరు:
విప్పకండి. ఇంట్లో మొదలుపెట్టిన కార్లు ఆగిపోయేది వెల్డింగ్ రాక కాదు, అన్నీ విప్పేసి మళ్లీ బిగించలేక. విప్పడం తొందరగా అయిపోతుంది, సరదాగా కూడా ఉంటుంది. ఆ తర్వాత ఏ క్లిప్పు ఎక్కడిదో, ఏ తీగ ఎటు పోవాలో గుర్తుండదు. కదలని కారు మీద ఇష్టం కూడా మెల్లగా పోతుంది. ముందు ఫ్లోర్ చేయండి, తర్వాత ఒక సిల్, ఆ తర్వాత రెండోది. ఒక్కో దశ పూర్తయ్యేసరికి కారు షెడ్డులోంచి బయటికి రావాలి. చక్రాల పైన బుడగలను ప్రస్తుతానికి గోకి, తుప్పును గట్టి పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్ మందు రాసి, ప్రైమర్ వేసి ఉంచండి. వాటి వంతు వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

సుత్తిదెబ్బ:
గేరు గారితో నేను ఒప్పుకోను. ఇలాంటి కార్లలో తుప్పు ఎక్కువగా లోపల మొదలై బయటికి వస్తుంది. సిల్ అంటే మూసిన పెట్టె. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, చాలా కార్లలో మధ్యలో ఇంకోటి. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడుకుపోతే తడి అక్కడే నిలుస్తుంది. స్క్రూడ్రైవర్ దిగిన రెండు చోట్లూ బయటపడ్డవి మాత్రమే, బయటపడనివి ఎన్నో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. చక్రాల పైన బుడగలు వచ్చాయంటే అక్కడ రెండు రేకులు కలిసే అతుకులో తుప్పు ఉంది. పైన గోకి రాసిన మందు ఆ అతుకులోకి ఎలా పోతుంది? సీట్లు, కార్పెట్లు, పెట్రోలు ట్యాంకు, అడుగున పూసిన అండర్‌కోటింగ్ అన్నీ తీయాల్సిందే. ఇంజను కూడా దించాలి. ముందు భాగంలో ఇంజను బరువంతా ఉండగా సిల్ కోస్తే బాడీ వంగుతుంది, ఆపై తలుపులు పడవు.

మరమేకు:
కార్పెట్ ఎత్తి చూడకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా తీసుకోకండి. ఫోటోలు పెట్టండి.

నాలుగోగేరు:
సుత్తి గారూ, ఇంజను దించాల్సిన అవసరమే లేదు. మామూలుగా బరువు మోసే స్థితిలో ఉండగానే తలుపుల సందులు సరిగ్గా ఉన్నాయో లేదో తెలుస్తుంది. తలుపు తీసి, ఆ ఖాళీలో ముందు స్తంభానికీ మధ్య స్తంభానికీ ఇనుప పైపులు అడ్డంగా బిగించి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకుంటే బాడీ వంగదు. నేను అలాగే చేశాను. ఇక కన్వర్టర్ దండగ అంటున్నట్టున్నారు. ఫాస్ఫారిక్ యాసిడ్ తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది, ఇది నా అభిప్రాయం కాదు. కాదంటే కెమిస్ట్రీతో చెప్పండి.

సుత్తిదెబ్బ:
నేను దండగ అనలేదు. అతుకులోకి పోదు అన్నాను.

నాలుగోగేరు:
పోదని ఎలా చెప్పగలరు? పల్చటి ద్రవం సన్నని సందులోకి దానంతట అదే పాకుతుంది.

రసాయనం:
ఇద్దరూ కాస్త ఆగండి. తుప్పు తను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అతుకులు ఉబ్బుతాయి, పెయింట్ లేస్తుంది. కన్వర్టర్ పనిచేసేది గట్టిగా అంటుకుని ఉన్న పల్చటి తుప్పు మీద. పొరలు పొరలుగా లేచిన దాని మీద రాస్తే పై పొర మాత్రమే మారుతుంది, కింద తుప్పు తుప్పుగానే ఉంటుంది. ద్రవం అతుకులోకి పాకుతుంది, నిజమే. కానీ లోపల మిగిలిపోయిన యాసిడ్‌ను కడగడం ఎలా? ఆరబెట్టడం ఎలా? టానిక్ యాసిడ్ రకం రాస్తే తుప్పు నల్లగా మారుతుంది, దాని హద్దులూ ఇవే. చిల్లు పడిన చోట మాత్రం మార్చడానికి అక్కడ ఇనుమే లేదు.

కొత్తవెల్డర్ గారూ, బ్రాకెట్లూ కీళ్లూ లాంటి చిన్న ముక్కలకు ఎలక్ట్రాలసిస్, అంటే నీళ్లలో కరెంటు పంపి తుప్పు వదిలించడం, బాగుంటుంది. వాషింగ్ సోడా కలిపిన నీళ్లు, బ్యాటరీ చార్జర్. తుప్పు ముక్కకు నెగటివ్, పనికిరాని మామూలు ఇనుప రేకుకు పాజిటివ్ ఇవ్వాలి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు అస్సలు వాడకండి, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి.

జానకి:
విప్పాలా వద్దా అనే గొడవలో అసలు ప్రమాదాలు ఎవరూ చెప్పడం లేదు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ కనెక్షన్ తీయాలి. వెనక భాగంలో పని ఉంటే పెట్రోలు ట్యాంకు కారులో ఉండకూడదు. ఖాళీ ట్యాంకే ఇంకా ప్రమాదం, అందులో ఆవిరి ఉంటుంది. జింకు పూత ఉన్న రేకు వెల్డ్ చేస్తే ఆ పొగకు జ్వరం, వణుకు వస్తాయి, పూత గీకేశాకే వెల్డ్ చేయాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట ఆర్క్ కొడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. పాత పెయింట్‌లో సీసం ఉండవచ్చు, మాస్కు లేకుండా గ్రైండర్ పట్టకండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి.

నాలుగోగేరు:
రసాయనం గారు కూడా పల్చటి తుప్పు మీద కన్వర్టర్ పనిచేస్తుందనే చెప్పారు. నేను చెప్పిందీ అదే.

సుత్తిదెబ్బ:
మీరు చెప్పింది బుడగల మీద రాయమని! బుడగ అంటే పల్చటి తుప్పా?

బీటిల్‌ప్రేమి:
నా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారులో బాడీ వేరు, ఫ్లోర్ పాన్ వేరు. బోల్టులు తీస్తే బాడీ పైకి లేస్తుంది. వెనక సీటు కింద బ్యాటరీ ఉండే చోట ఫ్లోర్‌ను తుప్పు తినేసింది, ఆ సగం మొత్తం మార్చాను. అలాంటి కారైతే విప్పడమే సులువు. మీ కారు కథ వేరు.

నాలుగోగేరు:
నేనెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో చెప్తాను. నా మొదటి కారును ఒక వర్క్‌షాప్‌కు ఇచ్చాను. మొత్తం విప్పితేనే పని సరిగ్గా వస్తుందని వాళ్లూ సుత్తి గారిలాగే చెప్పారు. నడిచి వెళ్లిన కారు అది. ఏళ్ల తరబడి తిరిగాను. ఎప్పుడు అడిగినా పెయింట్‌కు పోతోంది అనేవాళ్లు. చివరికి ఒట్టి బాడీనీ, కొన్ని అట్టపెట్టెలనూ వెనక్కి తెచ్చుకున్నాను. వెనక అద్దం లేదు, డ్యాష్‌బోర్డు మీటర్లు లేవు, తలుపుల హ్యాండిళ్లు వేరే కారువి. అవి మళ్లీ దొరకలేదు, ఆ కారు మళ్లీ నడవలేదు. విప్పేయండి అనే మాట నా ముందు ఎవరు అన్నా ఊరుకోలేను.

సుత్తిదెబ్బ:
మీకు జరిగింది అన్యాయమే. కానీ అది వర్క్‌షాప్ వాళ్ల నిర్లక్ష్యం. విప్పడం తప్పని దాంతో ఎలా తేలుతుంది?

నా సంగతీ వినండి. నేనొక కారు కొన్నాను. పెయింట్ నిగనిగలాడుతోంది, ఇంజను చక్కగా ఉంది. టైరు మార్చడానికి జాకీ పెడితే కారు లేవలేదు, జాకీయే సిల్‌లోకి దూసుకుపోయింది. కోసి చూస్తే తుప్పు పట్టిన అసలు రేకు అలాగే ఉంది, దాని మీద ఒక ప్యాచ్, ఆ ప్యాచ్ కూడా తుప్పు పట్టాక ఇంకోటి, పైన ఫైబర్, దాని పైన పుట్టీ, అన్నిటి పైన అండర్‌కోటింగ్. సీటు బెల్టు కింది బోల్టు ఆ సిల్ లోపలి రేకుకే ఉంది. ఆ సీట్లో నేను మా అమ్మాయిని కూర్చోబెట్టి తిప్పాను. ఇదంతా నడుపుకుంటూ కొంచెం కొంచెంగా చేసిన పనే!

నాలుగోగేరు:
అది అమ్మినవాడి మోసం. దశలవారీగా చేయడం తప్పని దాంతో ఎలా తేలుతుంది? మీ ప్రశ్నే మీకు తిరిగి అడుగుతున్నాను.

సుత్తిదెబ్బ:
మోసం కాదు. నన్ను బాధపెట్టేది అదే. ఆయనకు ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. ఏ ఏడాది ఏ ప్యాచ్ వేశాడో అన్నీ చెప్పాడు, ఏదీ దాచలేదు. కింద మిగిలిన రేకు ఎలా ఉందో ఆయనకే తెలియదు, ఎందుకంటే ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఎప్పటికప్పుడు కారు రోడ్డెక్కాలి, అదొక్కటే చూసుకున్నాడు. మీలాంటివాళ్లు ఇచ్చే సలహా చివరికి చేరేది అక్కడికే.

నాలుగోగేరు:
మీలాంటివాళ్లు అంటే ఎవరు? నా కారు మీరు చూశారా? నా వెల్డింగ్ చూశారా? నేను సిల్ బయటి రేకు పూర్తిగా కోసి, లోపల శుభ్రం చేసి, మధ్య రేకు మార్చి, కొత్తది వేశాను. ఇంజను దించకుండానే! చూడని పని గురించి నోరు పారేసుకోవద్దు.

మరమేకు:
మాటలు తగ్గించండి, ఇద్దరూ పెద్దవాళ్లు.

జానకి:
గేరు గారు ఇప్పుడు చెప్పిన పద్ధతికీ, సుత్తి గారు అడిగేదానికీ పెద్ద తేడా నాకు కనిపించడం లేదు. ఇద్దరూ పెట్టె తెరిచి చూడాలనే అంటున్నారు. మరి ఇంత కోపం దేనికి?

సుత్తిదెబ్బ:
దేనికో చెప్తాను. మూసేసిన సిల్ లోపల ఏముందో బయటివాడికి కనబడదు. గేరు గారు బాగా చేశారు, నమ్ముతాను. కానీ ఆ కారు రేపు ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఆ మనిషి ఎలా నమ్మాలి? ఏం కోశారు, ఏం వేశారు, మూసేముందు లోపల ఎలా ఉంది, ఫోటోలు తీసి కాగితాలతో సహా కారుతో పాటు ఇవ్వాలి. అది చేయని వాళ్లు బరువు మోసే భాగాలను ఇంట్లో ముట్టుకోకూడదు.

నాలుగోగేరు:
ఇదిగో, ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. నా కారు, నా షెడ్డు, నా చేతులు. ఎవరో తెలియని మనిషికి నేనెందుకు లెక్క చెప్పాలి?

పాతకాగితం:
పాత వాహనాల క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ కూడా ఇలాంటి మాటే చెబుతుంది. పాత వాహనానికి చేసిన మార్పులను రికార్డు చేయాలి, కొత్తగా వేసిన భాగాలు గుర్తుపట్టేలా ఉండాలి. కట్టడాల సంరక్షణ కోసం 1964లో వచ్చిన వెనిస్ చార్టర్ దారిలో రాసుకున్నది అది.

నాలుగోగేరు:
అది మార్గదర్శకమే, చట్టం కాదు. నా భయం వేరు. రేపు కాగితం ఉన్న పనికే విలువ అంటే, వర్క్‌షాప్ బిల్లు ఉన్న కారును నమ్ముతారు, నా కారును ఇంటి పని అని పక్కన పెడతారు. నా మీటర్లు పోగొట్టిన వాళ్ల బిల్లుకు ఉన్న విలువ, రాత్రులు కూర్చుని నేను వేసిన టాకాలకు ఉండదా? ఆ భయానికి కొత్తవాళ్లు మొదలే పెట్టరు. డబ్బున్నవాళ్ల కార్లు మిగులుతాయి, మిగతావి తుక్కులోకి పోతాయి.

సుత్తిదెబ్బ:
వర్క్‌షాప్ బిల్లును నేనూ నమ్మను. మూయకముందు తీసిన ఫోటోనే నమ్ముతాను, అది ఎవరు తీసినా సరే. ఇంట్లో చేసే మనిషి దగ్గర అలాంటి ఫోటో ఉంటే ఏ బిల్లు కన్నా మీ పనికే ఎక్కువ విలువ ఇస్తాను. మీరు భయపడేదానికి మందు అదే కదా!

కొత్తవెల్డర్:
ఈ రోజు సీట్లు, కార్పెట్లు, కింది ట్రిమ్ తీశాను. ఫ్లోర్ చిల్లు నేను అనుకున్నదాని కంటే పెద్దది. సీటు బిగించే చోటి వరకు వెళ్లింది. ఇంజను, వైరింగ్, అద్దాలు తీయడం లేదు. బ్యాటరీ, ట్యాంకు తీసేస్తున్నాను. తలుపుల సందులు పైన, మధ్యలో, కింద కొలిచి రాసుకున్నాను. పైపులు బిగించి ఒక వైపు సిల్ బయటి రేకు కోస్తాను. లోపలి రేకు కూడా పోయి ఉంటే అప్పుడు ఆగి మిమ్మల్నే అడుగుతాను. పని పూర్తయ్యే వరకు నడపను. ఫ్లోర్ ప్యాచ్‌ను రేకు మీద రేకుగా వేయాలా, అంచుకు అంచు కలపాలా?

సుత్తిదెబ్బ:
మెరిసే ఇనుము కనిపించే వరకు కోసి అంచుకు అంచు కలపండి. రేకు మీద రేకు వేస్తే మధ్యలో మళ్లీ తడి చేరుతుంది. ఒకటే గీతగా లాగకండి, దూరం దూరంగా టాకాలు వేస్తూ చల్లారనిస్తూ కలపండి, లేకపోతే రేకు వంకర్లు పోతుంది. వేడికి వెనక వైపు ప్రైమర్ కాలిపోతుంది. సిల్ మూసి పెయింట్ అయ్యాక పొడుగాటి గొట్టంతో లోపల తడి తగలకుండా కాపాడే మైనం కొట్టడం మర్చిపోకండి. ఫోటోలు తీయండి.

నాలుగోగేరు:
పల్చటి రేకుకు 0.6 మి.మీ. తీగ పెట్టండి, చిల్లులు తక్కువ పడతాయి. అంచుకు అంచు కలపడం చేయి కుదిరాకే. మొదటి ప్యాచ్ ఫ్లోర్‌లో కనబడని మూల రేకు మీద రేకుగానే వేసి, రెండు అంచులూ సీలర్‌తో మూయండి. చాలా కార్లలో ఫ్యాక్టరీ అతుకులు కూడా అలాగే ఉంటాయి. ఫోటోలు నేనూ తీస్తాను. అవి ఎవరికి చూపించాలో నేను నిర్ణయించుకుంటాను.

సుత్తిదెబ్బ:
సీటు బిగించే చోట మాత్రం రేకు మీద రేకు వద్దు. మిగతా విషయంలో మీరూ నేనూ ఒప్పుకునేది లేదు గేరు గారూ.