ఓకే పుట్టింది చొక్టావ్ నోటనా, బోస్టన్ అచ్చులోనా?

మాటలమూట:
"ఓకే అంటే 'ఆల్ కరెక్ట్'కి వచ్చిన తప్పు స్పెల్లింగు (oll korrect), 1839 నాటి జోకు" అని పక్క చర్చలో ఒకరు తేల్చిపారేశారు. అమెరికా ఆదివాసులైన చొక్టావ్ వాళ్ల భాషలో 'ఓకే' అంటే 'అది అంతే'. అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ కాగితాల మీద చొక్టావ్ వాళ్ల స్పెల్లింగుతోనే (okeh) రాసేవాడు. దీనికేమంటారు?

నిఘంటుపురుగు:
తేల్చిపారేసింది నేనే. విల్సన్ గద్దెనెక్కింది 1913లో. అప్పటికే ఆ మాటకి డెబ్బై ఏళ్లు దాటాయి. ఆయన నమ్మకం ఆధారం ఎలా అవుతుంది? 1839 మార్చి 23 బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో ఓ.కె. అని వేసి, పక్కనే 'ఆల్ కరెక్ట్' అని విప్పి మరీ చెప్పారు. 'ఆల్ రైట్'ని కావాలని తప్పుగా (oll wright) రాసి ఓ.డబ్ల్యూ. అనడం, 'నో గో'ని (know go) కె.జి., 'నో యూజ్'ని (know yuse) కె.వై. అనడం అప్పట్లో అక్కడి పత్రికలవాళ్ల ఆట. అవన్నీ పోయాయి, ఇది 1840 ఎన్నికల పుణ్యాన మిగిలింది. అప్పటి అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌ది కిండర్‌హుక్ ఊరు. 'ఓల్డ్ కిండర్‌హుక్' పేరు మీద ఆయన మనుషులు ఓ.కె. క్లబ్బు పెట్టారు. ఎదుటి పక్షం ఊరుకుంటుందా? మాజీ అధ్యక్షుడు జాక్సన్‌కి స్పెల్లింగు రాక అలా రాసేవాడని కథ కట్టింది.

గోదారిగట్టు:
సంబంధం ఓకే అయిందంటే చాలు, ఎవరి నోట పుడితే ఏం.

మాటలమూట:
జాక్సన్ పేరు మీరే ఎత్తారు. 1790లో టెన్నెస్సీ సమ్నర్ కౌంటీ కోర్టు పుస్తకంలో, జాక్సన్ రుజువు చేసిన అమ్మకం దస్తావేజు దగ్గర ఓ.కె. ఉంది. మీ జోకుకి 49 ఏళ్ల ముందు.

నిఘంటుపురుగు:
అది కె కాదు, ఆర్. 'ఆర్డర్డ్ రికార్డెడ్', అంటే నమోదు చేయమని ఉత్తర్వు. గొలుసుకట్టు రాతలో ఆర్ మీది గుండ్రం సరిగ్గా మూయకపోతే కె లాగే కనబడుతుంది. అదే గుమాస్తా రాసిన మిగతా పద్దులు పక్కన పెట్టుకుని, అనుమానం లేని ఆర్‌లతో పోల్చాలి. ఒక్క ముక్క కత్తిరించి చూస్తే ఎవరైనా పొరబడతారు.

మాటలమూట:
కె లాగే ఉందని మీరే ఒప్పుకున్నారు, రాసుకోండి.

సిరాబుడ్డి:
ఆ అక్షరం వదిలేసి అర్థం సంగతి చూడండి. మొదట 'అంతా సరిగ్గా ఉంది'. తర్వాత 'ఆమోదించు' అనే క్రియ. ఆ తర్వాత 'ఏదో పర్లేదు'. మనకీ అంతే: 'సంబంధం ఓకే' పూర్తి అంగీకారం, 'సినిమా ఓకే' అంటే టికెట్టు డబ్బులు సగం దండగ. నూటికి నూరు తెచ్చుకున్న మాట అత్తెసరు మార్కులకి దిగింది. 'ఓకే ఓకే' అన్నామంటే ఇక ఆపమని.

నిఘంటుపురుగు:
చర్చ పుట్టుక మీద.

మాటలమూట:
అయితే 1784. స్మైత్ రాసిన అమెరికా యాత్రా గ్రంథంలో ఒక బానిస అన్న 'కే, మాసా' అచ్చయింది. పశ్చిమాఫ్రికాలోని వోలోఫ్ భాషలో 'వావ్ కే' అంటే 'ఔను, అలాగే'. భాషావేత్త డేవిడ్ డాల్బీ చెప్పింది ఇదే.

నిఘంటుపురుగు:
చొక్టావ్ అయింది, జాక్సన్ అయింది, ఇప్పుడు వోలోఫ్! ఒకచోట నిలబడండి మహాప్రభో. ఆ 'కే' ఒప్పుకోలు కాదు, మన 'అబ్బే' లాంటిది. పైగా అక్కణ్నుంచి 1839 దాకా గొలుసు ఏదీ? బోస్టన్ జోకుకైతే భాషా పరిశోధకుడు అలెన్ వాకర్ రీడ్ 1963, 64ల్లో అమెరికన్ స్పీచ్ పత్రికలో తేదీ వెంట తేదీ పేర్చి చూపించాడు.

మాటలమూట:
నాకు మండేది అక్కడే! ఉత్తర కరోలినాలో బానిసకి చదువు నేర్పడమే నేరమని 1830లో చట్టం చేశారు. ఆ దశాబ్దంలోనే చొక్టావ్ వాళ్లని మిసిసిపీ నుంచి వెళ్లగొట్టారు. వాళ్ల మాటకి తేదీ ఎవడేస్తాడు? అచ్చుయంత్రం ఉన్నవాడి జోకుకే పుట్టినరోజు ఉంటుంది. నా గొడవ ఓకే గురించి కాదండీ, మీ కొలబద్ద గురించి.

నిఘంటుపురుగు:
ఆ ముక్క మొదటే అనాల్సింది. అచ్చులో తొలిసారి దొరికిన చోటే పుట్టినచోటు కానక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ దొరికింది మాట ఒక్కటే కాదు. దాని వివరణ దొరికింది, తోబుట్టువులూ దొరికాయి. చొక్టావ్ నుంచే వచ్చిందంటే, కె.జి. ఏ భాష నుంచి వచ్చినట్టు?

మాటలమూట:
జనం నోట్లో అప్పటికే ఉన్న మాటని జోకు అందిపుచ్చుకుని ఉండొచ్చుగా.

నిఘంటుపురుగు:
ఉండొచ్చు. చూపించండి.

మాటలమూట:
మళ్లీ అచ్చే అడుగుతున్నారు.

గోదారిగట్టు:
ఓకే ఓకే.