తేనెటీగల పెట్టెలు పెరుగుతున్నాయంటే పరాగసంపర్కానికి ముప్పు లేనట్టేనా?

పూతకొమ్మ (ప్రశ్న):

నేను ఉన్నత తరగతులకు జీవశాస్త్రం బోధిస్తాను. పరాగసంపర్కం పాఠం వచ్చినప్పుడల్లా తేనెటీగలు అంతరించిపోతున్నాయన్న మాట పిల్లల నోట వినిపిస్తుంది. అందుకు ఆధారం ఏమిటని అడిగితే మాత్రం సమాధానం రాదు. సరే, నేనే చదివి చెబుదామని కూర్చుంటే చిక్కు ఇంకా ముదిరింది. ప్రపంచంలో తేనెటీగల పెట్టెల సంఖ్య పెరుగుతోందని ఒక వ్యాసం అంటే, ఏటా లెక్కలేనన్ని తేనెటీగల కుటుంబాలు (ఒక్కో పెట్టెలో ఒక రాణితో కలిసి బతికే ఈగల సమూహాలు) చచ్చిపోతున్నాయని మరో వ్యాసం అంటుంది. నియోనికోటినాయిడ్ పురుగుమందులే కారణమని ఒక పరిశోధన తేలిస్తే, పొలంలో చేసిన ఇంకో పరిశోధనలో తేనెటీగల కుటుంబాలకు ఏ హానీ కనబడలేదు. ఇవన్నీ పేరున్న పత్రికల్లో వచ్చినవే కాబట్టి ఒకదాన్ని నమ్మి మరొకదాన్ని కొట్టిపారేసే వీలు లేదు.

ఈ పరస్పర విరుద్ధమైన ఫలితాలను ఎలా అర్థం చేసుకోవాలి? వీలైతే, పరాగసంపర్కం ఎంత జరుగుతోందో విద్యార్థులే కొలిచి చూసుకునే ప్రయోగం ఏదైనా చెప్పగలరా?

పరాగరేణువు:

పూతకొమ్మ గారూ, మీ మొదటి సందేహంలో పెంపుడు తేనెటీగల సంగతీ, అడవి ఈగల (ఇంట్లో వాలే ఈగలు కావు, ఎవరూ పెంచని తేనెటీగ బంధువులు) సంగతీ కలగలిసిపోయాయి. పెట్టెల్లో పెరిగే తేనెటీగ ఒక రకంగా పాడిపశువే. దాని సంఖ్యను ప్రకృతి కంటే తేనె ధర, తోటల యజమానుల గిరాకీ, పెంపకందారుల ఓపిక ఎక్కువగా నిర్ణయిస్తాయి. చలికాలంలో మూడో వంతు కుటుంబాలు పోయినా, వసంతంలో మిగిలిన బలమైన కుటుంబాలను విడదీసి, కొత్త రాణులను ప్రవేశపెట్టి, పెట్టెల లెక్కను మళ్లీ పూర్వస్థితికి తీసుకురావచ్చు. ఏడాదికి ఒక్కసారి తీసిన లెక్కలో ఆ నష్టమూ కనబడదు, దాన్ని పూడ్చడానికి పెట్టిన ఖర్చూ కనబడదు. కాబట్టి మరణాలు ఎక్కువగా ఉన్నాయన్నదీ, పెట్టెలు పెరుగుతున్నాయన్నదీ ఒకేసారి నిజం కావచ్చు.

ఐజెన్, హార్డర్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ గణాంకాలను విశ్లేషించారు. అంతకు ముందరి అర్ధ శతాబ్దంలో పెంపుడు తేనెటీగల పెట్టెలు సుమారు 45 శాతం పెరిగితే, పరాగవాహక జీవుల (పుప్పొడిని పువ్వు నుంచి పువ్వుకు చేర్చే జీవుల) మీద ఆధారపడిన సాగు 300 శాతానికి పైగా పెరిగిందని అందులో తేలింది. నా దృష్టిలో ఆందోళన కలిగించవలసింది ఈ అంతరమే కానీ పెట్టెల సంఖ్య కాదు.

అడవి ఈగల విషయం పూర్తిగా వేరు. ప్రపంచంలో గుర్తించిన ఈగ జాతులు 20,000కు పైనే ఉండగా, వాటిలో మనం తేనెటీగలని పిలిచేవి పది పన్నెండుకు మించవు. మిగిలినవాటిలో అత్యధికం ఒంటరి ఈగలు. నేలలో బొరియ చేసుకునో, ఎండిన కొమ్మల బోలులోనో ఒక్కో ఆడ ఈగ తన సంతానాన్ని తానే పెంచుకుంటుంది. వీటికి పెట్టె లేదు, యజమాని లేడు, ఏటా లెక్క రాసేవారూ లేరు. ఒకప్పుడు ఉత్తర అమెరికాలో విస్తారంగా కనిపించిన బాంబస్ అఫినిస్ అనే బంబుల్ ఈగను అమెరికా ప్రభుత్వం 2017లో అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది. పెంపుడు తేనెటీగ స్థితి దానికి దరిదాపుల్లో కూడా లేదు.

అన్నట్టు, తేనెటీగలు పోతే మానవజాతికి నాలుగేళ్లే మిగులుతాయని ఐన్‌స్టీన్ అన్నట్టుగా ఒక మాట తిరుగుతూ ఉంటుంది. ఆయన అలా అన్నారనడానికి ఆధారం ఏదీ లేదు. మన ఆహారంలో మూడో వంతు తేనెటీగలదేనన్న మాట కూడా అలా సాగదీసినదే. 2007లో క్లైన్ బృందం చెప్పింది వేరు: 115 ప్రధాన ఆహార పంటల్లో 87 ఎంతో కొంత జంతువుల ద్వారా జరిగే పరాగసంపర్కం మీద ఆధారపడతాయనీ, ఆ పంటలన్నిటి దిగుబడీ కలిపితే ప్రపంచ ఉత్పత్తిలో 35 శాతమనీ వారు లెక్కగట్టారు. పరాగవాహకాలు లేకపోతే ఆ 35 శాతం మొత్తం పోతుందని దానర్థం కాదు. ఐజెన్ బృందం 2009లోనే వేసిన మరో అంచనా ప్రకారం, మొత్తం దిగుబడిలో నేరుగా కోల్పోయేది సుమారు 3 నుంచి 8 శాతం. వరి, గోధుమ, మొక్కజొన్నలకు కీటకాల అవసరమే లేదు కదా. అయితే ఆ తరిగే భాగంలో విటమిన్లిచ్చే పండ్లు, కూరగాయలు, గింజలే ఎక్కువ కాబట్టి, బరువు లెక్కలో చిన్నదిగా కనిపించే నష్టం పోషకాల లెక్కలో అంత చిన్నది కాదు.

నల్లివేట:

తేనెటీగల ఆరోగ్యం గురించి మాట్లాడుతూ, వాటి ఒంటిని పట్టుకుని బతికే వరోవా నల్లి ప్రస్తావన తేకపోతే చర్చ దారి తప్పినట్టే. పత్రికలకు పురుగుమందుల కథ నచ్చినంతగా నల్లి కథ నచ్చదు. పెట్టె తెరిచి చూసేవారికి మాత్రం మొదటి శత్రువు ఇదే.

ఇది మొదట ఆసియా తేనెటీగ ఏపిస్ సెరానా మీద బతికే పరాన్నజీవి. అక్కడ అది ప్రధానంగా మగ ఈగలు పెరిగే అరల్లోనే (తేనెపట్టులోని మైనపు గదుల్లోనే) సంతానోత్పత్తి చేసుకోగలిగేది కాబట్టి ఆ రెండు జీవులూ ఎలాగో సర్దుకున్నాయి. యూరప్ తేనెటీగ ఏపిస్ మెల్లిఫెరాను మనుషులు ఆసియాకు తరలించాక నల్లి దాని మీదికి ఎక్కింది, కూలి ఈగల (మేత తెచ్చి గూటి పనులు చేసే ఈగల) అరల్లోనూ పిల్లలు పెట్టసాగింది. చాలాకాలం దీన్ని వరోవా జేకబ్సోనీ అనుకున్నారు; అది వేరే జాతి అని 2000లో ఆండర్సన్, ట్రూమన్ తేల్చి వరోవా డిస్ట్రక్టర్ అని పేరు పెట్టారు.

అరకు మైనపు మూత పడటానికి కాస్త ముందు తల్లి నల్లి లోపలికి దూరి, లార్వా అడుగున ఉన్న ఆహారంలో దాగుతుంది. మూత పడ్డాక మొదట మగ గుడ్డు, ఆ తర్వాత ఆడ గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ చీకటి అరలోనే జతకట్టి, ఈగ బయటికి వచ్చేటప్పుడు దానితో పాటే బయటపడతాయి. కూలి ఈగ అర సుమారు 12 రోజులు మూసి ఉంటుంది, మగ ఈగది అంతకంటే రెండు మూడు రోజులు ఎక్కువ. అందుకే నల్లికి మగ ఈగల అరలంటే అంత ఇష్టం.

నల్లి కంటే పెద్ద ప్రమాదం అది మోసుకొచ్చే వైరస్. రెక్కలు వంకర తిరిగే వైరస్ తేనెటీగల్లో పూర్వం నుంచీ ఉన్నదే, కానీ అరుదుగా, పలు రకాలుగా ఉండేది. నల్లి హవాయి దీవుల్లోకి ప్రవేశించినప్పుడు, అది చేరిన దీవులనూ చేరని దీవులనూ పోల్చి చూసే అవకాశం స్టీఫెన్ మార్టిన్ బృందానికి దొరికింది. నల్లి చేరిన చోట వైరస్ ఉన్న కుటుంబాల వాటా సుమారు 10 శాతం నుంచి 100 శాతానికి పెరిగిందనీ, పలు వైరస్ రకాల స్థానంలో ఒకటే రకం ఆధిపత్యానికి వచ్చిందనీ వారు 2012లో ప్రకటించారు. ప్రయోగశాలలో ఎవరూ ఏర్పాటు చేయలేని పోలిక అది.

నల్లి ఏం తింటుందన్న ప్రాథమిక విషయంలో కూడా అభిప్రాయం ఇటీవలే మారింది. అది ఈగ రక్తద్రవాన్ని పీలుస్తుందనే దశాబ్దాల తరబడి పుస్తకాల్లో రాశారు. ఎదిగిన ఈగ మీద ఉన్నప్పుడు అది ప్రధానంగా కొవ్వు కణజాలాన్ని తింటుందని శామ్యూల్ రామ్సే బృందం 2019లో చూపింది. అరలో ప్యూపా మీద ఉన్నప్పుడు మాత్రం రక్తద్రవమే దాని ఆహారమని 2024లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఈగకు కొవ్వు కణజాలం నిల్వ సరుకు మాత్రమే కాదు, విషాలను విరిచేదీ, రోగనిరోధక పదార్థాలను తయారుచేసేదీ అదే. అది దెబ్బతిన్న ఈగ చలికాలం దాటలేకపోవడంలో వింత లేదు.

మీ విద్యార్థులకు ఎవరైనా పెంపకందారు పెట్టె తెరిచి చూపగలిగితే, నల్లుల లెక్క ఎలా తీస్తారో తప్పక చూపించమనండి. పిల్లలున్న చట్రం మీద రాణి లేదని రూఢి చేసుకుని, అరకప్పు ఈగలను, అంటే దాదాపు 300, సీసాలోకి దులిపి, ఆల్కహాల్ పోసి నిమిషం పాటు ఊపుతారు. జల్లెడ గుండా వడకడితే ఈగలు పైనే ఉండిపోతాయి, ఎర్రటి గోధుమ రంగు నల్లులు అడుగున తేలిగ్గా కంటికి ఆనతాయి. 9 కనిపిస్తే 3 శాతం అన్నమాట, ఇక చికిత్స వాయిదా వేయడానికి లేదు.

సందేహజీవి:

నల్లివేట గారు చెప్పినదాంతో నాకు పేచీ లేదు. అయితే పురుగుమందుల కథను పత్రికల మోజుగా తీసిపారేయడం సరికాదు. 2013లో డి ప్రిస్కో బృందం క్లోథియానిడిన్ అనే నియోనికోటినాయిడ్ మందు తేనెటీగ రోగనిరోధక శక్తిని అణచివేసి, మీరు చెప్పిన ఆ రెక్కల వైరస్ వృద్ధికే తోడ్పడుతుందని చూపింది. నల్లి, వైరస్, మందు, పోషకాహార లోపం ఒకదాని పనిని మరొకటి సులువు చేస్తున్నప్పుడు, ఏది అసలు కారణమన్న ప్రశ్నే సరిగా నిలబడదు.

ఇక పూతకొమ్మ గారి రెండో సందేహం. మందుల అనుమతికి సంప్రదాయంగా చేసే పరీక్షలో ఎదిగిన తేనెటీగలకు మందు తాగించో ఒంటికి తగిలించో, 48 గంటల్లో ఎన్ని చనిపోయాయో లెక్కిస్తారు. చావకుండా దారి మరిచిపోయే ఈగ ఈ పరీక్షలో ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. 2012లో మికాయెల్ ఆన్రీ బృందం ఫ్రాన్స్‌లో ఈగల వీపుకు సూక్ష్మ రేడియో చిప్పులు అతికించి, స్వల్ప మోతాదులో థయామెథోక్సామ్ అనే మరో నియోనికోటినాయిడ్ తాగిన ఈగల్లో గూటికి తిరిగి రానివి ఎక్కువని కనుగొంది. ఆ నష్టంతో కుటుంబం కూలిపోవచ్చన్న వారి గణిత అంచనాలో మాత్రం కొత్త ఈగలు పుట్టే రేటును తక్కువగా తీసుకున్నారన్న విమర్శ అదే పత్రికలో వచ్చింది. నా ఉద్దేశంలో ఆ విమర్శ సబబైనదే. ఒక్కొక్క ఈగకు జరిగే హాని రుజువైనంత మాత్రాన కుటుంబానికి జరిగే హాని రుజువైనట్టు కాదు.

ఈ తేడా బాగా బయటపడింది 2015లో మాయ్ రుండ్లెఫ్ బృందం స్వీడన్‌లో చేసిన పనిలో. రేప్‌సీడ్ ఆవ పొలాలు 16 తీసుకుని, సగం పొలాల్లో క్లోథియానిడిన్ పట్టించిన విత్తనం, మిగిలిన సగంలో పట్టించని విత్తనం వేశారు. మందు విత్తనం వేసిన చోట అడవి ఈగల సాంద్రత తగ్గింది, బంబుల్ ఈగల కుటుంబాల ఎదుగుదల మందగించింది, ఒంటరి ఈగలు గూళ్లు కట్టలేదు. తేనెటీగల కుటుంబాల బలంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వేల మంది కూలీలున్న కుటుంబంలో కొందరు తిరిగి రాకపోతే, వయసులో చిన్నవి ముందుగానే మేతకు బయలుదేరి లోటు పూడుస్తాయి. ఒంటరి ఈగలో తల్లి తిరిగి రాకపోతే కథ అక్కడితో ముగుస్తుంది. కాబట్టి మీరు చదివిన ‘హాని కనబడలేదు’ అన్న వ్యాసం దేని గురించి రాసిందో ముందు చూడండి. తేనెటీగ గురించైతే అది ఇతర ఈగలకు హామీ కాదు.

దేశాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. 2017లో వుడ్‌కాక్ బృందం హంగరీ, జర్మనీ, బ్రిటన్‌లలో చేసిన ప్రయోగంలో తేనెటీగలకు హంగరీ, బ్రిటన్‌లలో ప్రతికూల ఫలితాలు వస్తే, జర్మనీలో అలా రాలేదు. చుట్టుపక్కల వేరే పూలు ఎన్ని ఉన్నాయి, కుటుంబాలకు ముందే రోగాలు ఎంత ఉన్నాయి అన్నవి ఈ తేడాకు కారణం కావచ్చని వారి వివరణ. యూరోపియన్ యూనియన్ మూడు నియోనికోటినాయిడ్లపై 2013లో ఆంక్షలు పెట్టి, 2018లో వాటి బహిరంగ వాడకాన్ని నిషేధించింది. పెంపుడు తేనెటీగను ఒక్కదాన్నే కొలమానంగా తీసుకుని ఉంటే అంత దూరం వెళ్లేవారా అన్నది నాకు అనుమానమే.

పూతకొమ్మ:

అందరికీ ధన్యవాదాలు. ఒంటరి ఈగ, కుటుంబం అన్న తేడాతో నేను చదివిన వ్యాసాల్లో చాలావరకు వాటి వాటి స్థానాల్లో కుదురుకున్నాయి. ఇంకొక్క మాట. ఈగలను కాపాడటం కోసమని మా యాజమాన్యం బడి తోటలో తేనెటీగల పెట్టెలు పెట్టించాలనుకుంటోంది. ఇది మంచిదేనా? ప్రయోగం సంగతి కూడా మరవకండి.

పరాగరేణువు:

తేనె కోసమో బోధన కోసమో అయితే పెట్టించండి, అడవి ఈగల రక్షణ కోసమని మాత్రం వద్దు. పూలు తక్కువగా ఉన్న చోట పెట్టెల్లోని వేలాది ఈగలు అక్కడి ఈగల మేతకు పోటీ అవుతాయి. రోగాలు కూడా పాకవచ్చు: రెక్కల వైరస్, నొసీమా సెరానే అనే పరాన్నజీవి బంబుల్ ఈగలకూ సోకుతాయని 2014లో ఫ్యూర్స్ట్ బృందం బ్రిటన్‌లో చూపింది. పైగా గరిబాల్డి బృందం 2013లో 41 పంట వ్యవస్థల సమాచారాన్ని కలిపి చూసినప్పుడు, అడవి కీటకాల రాక పెరిగితే కాయ కట్టడంలో వచ్చే మెరుగు, తేనెటీగల రాక వల్ల వచ్చే మెరుగుకు రెండింతలని తేలింది. మీ తోటలో పిల్లలు తొక్కని, కలుపు తవ్వని కాస్త మట్టి నేల వదిలేసి, ఏడాది పొడవునా ఏదో ఒకటి పూసేలా మొక్కలు వేస్తే నేలలో గూడు కట్టే ఈగలకు అంతకు మించిన మేలు లేదు.

ప్రయోగానికి గుమ్మడి తీగ అనువైనది. ఆడ, మగ పూలు వేర్వేరుగా ఉంటాయి, పూల అడుగున చిన్న కాయ ఆకారం ఉన్నవి ఆడపూలు. పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నం లోపే ముడుచుకుంటుంది కాబట్టి ఒక్క పూటలో పని అయిపోతుంది. పుప్పొడి రేణువులు పెద్దవి, జిగటవి. భూతద్దం పెడితే కీలాగ్రం (ఆడపువ్వులో పుప్పొడిని అందుకునే కొన) మీద పసుపు పచ్చగా అంటుకున్నవి పిల్లలకు స్పష్టంగా కనిపిస్తాయి. మర్నాడు విచ్చుకోబోయే ఆడపూలను ముందు రోజు సాయంత్రమే గుర్తించి, కొన్నింటికి సన్నని వల సంచి కట్టి పువ్వు ముడుచుకునే దాకా తీయకండి. కొన్నింటిని కీటకాలకు వదిలేయండి. ఇంకొన్నింటికి సంచి కట్టి, ఉదయం మగపూల పుప్పొడిని చేత్తో దండిగా అద్ది మళ్లీ కట్టేయండి. సంచిలోనే ఉంచినవి కాయ కట్టకపోవడం కీటకాల అవసరాన్ని చూపుతుంది. చేత్తో అద్దినవాటికీ, వదిలేసినవాటికీ మధ్య తేడాయే మీ తోటలో ఉన్న పరాగసంపర్క లోటు.

ఒక జాగ్రత్త తీసుకోండి. ఒకే తీగ మీద కొన్ని పూలకు చేత్తో పుప్పొడి ఎక్కువగా అద్దితే, ఆ తీగ తన పోషకాలను మిగతా కాయల నుంచి తప్పించి వాటికే మళ్లించవచ్చు, అప్పుడు లోటు ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. కాబట్టి ఒక్కో తీగకు ఒక్కో పద్ధతే పాటించండి, తీగల సంఖ్య వీలైనంత పెంచండి. కాయ నిలిచిందా లేదా అన్నదానితో ఆగకుండా, పండాక కోసి నిండు గింజలను, తాలు గింజలను విడివిడిగా లెక్కపెట్టించండి. కాయ బరువు నీటిని బట్టీ ఎరువును బట్టీ కూడా మారుతుంది కానీ, కీలాగ్రం మీద పుప్పొడి ఎంత చేరిందో దానికంటే నిండు గింజలే బాగా చెబుతాయి.